తాత మార్చిన కుడి అంచు

అయ్యో, పట్టుకున్నదా? గుంజకు బిడ్డా, గుంజకు! అట్లనే నిలబడు. ఆ తలుపు చెక్కకు పేడు లేచి ఎన్నాళ్ళాయెనో, మీ నాయనకు నేను చెప్తనే ఉన్న, ఆయన వింటనే ఉన్నడు. చీర తట్టుకున్నప్పుడు ముందుకు పోవద్దు, ఒక్క అడుగు ఎనక్కి రావాలె. అప్పుడు పేడే వదిలిపెడ్తది. ఇగో, వచ్చె. ఒక పోగు లేచింది, అంతే, ఏం కాలె. కరెంటు వచ్చేదాక ఇటు వచ్చి కూసో, ఈ చిక్కుడుకాయలకు నార తీద్దాం ఇద్దరం. ఏంది, నవ్వుతున్నవ్? ఎనక్కి అడుగెయ్యమని నాకు ఎవరు నేర్పిండ్రంటవా? ఎవరూ నేర్పలె. ముందుకు పోయి నేర్చుకున్న. మీ తాత పడవ అంచు నేర్పింది. మీ నాయన ఎప్పుడూ చెప్పలేదా ఆ ముచ్చట? చెప్పడు, వాళ్ళమ్మ పరువు పోతదని. పోయేటంత పరువు ఆ రేవులోనే పోయింది, ఇప్పుడు కొత్తగ పోయేదేముంది.

మీ తాతను నువ్వు చూడలె. ఆ పటంల ఉన్నాయన కాదు మీ తాత. అది ఫొటో తీసేటోడు భుజం మీద చెయ్యేసి, గదుమ పట్టి నిలబెట్టిన మనిషి. మీ తాత రామనర్సయ్య ఒక్కకాడ నిలబడేటోడా? మాట్లాడితే చేతులు ఊపుడు, నవ్వితే రేవు ఆ చివర దాక వినబడుడు. చదువు లేదు. నేను నాలుగో తరగతి పాసైన పిల్లను. నాలుగో తరగతి అంటే నవ్వకు, రాజుల రియాసత్ రోజులల్ల నాలుగో తరగతి పాసైన ఆడపిల్ల అంటే ఎట్లనో తెలుసా? బస్తరుకు రాజుగారున్నరు గద, ఆయన తర్వాత నేనే అనుకునేదాన్ని. మన ఊరు ఇంద్రావతికి ఇవతల, రాజుగారి నేల. మా అమ్మగారి ఊరు సరిగ్గ అవతలి ఒడ్డున, అది తెల్లదొరల ఇలాకా. కాబట్టి నేను అలిగి పుట్టింటికి పోయిన్నంటే ఉత్తగ పోయినట్టు కాదు, ఒక సర్కారును వదిలిపెట్టి ఇంకో సర్కారు కిందికి పోయినట్టు. నా అలుక కూడ అంత పెద్దదే.

ముందు పడవ సంగతి చెప్పాలె, లేకుంటే నీకు అర్థం కాదు. పాఠం లెక్క చెప్తున్ననా? చెప్తా మరి, పంతులమ్మనై బడిల అన్నేండ్లు అరిచిన నోరు, ఊకుంటదా. పడవ అంటే ఇప్పుడు నువ్వు ఎక్కే ఇంజను పడవ కాదు. ఒకటే మాను. ఏగిస మానును కొట్టి, లోపల తొలిచి, దాన్నిండ నీళ్ళు పోసి, చుట్టూ సన్నమంట పెడతరు. కర్ర మెత్తబడ్డంక మూతిని మెల్లమెల్లగ తెరిచి, మధ్యల అడ్డకర్రలు పెట్టి ఆపుతరు. ఆరినంక రెండు పక్కల, ఈ కొస నుంచి ఆ కొస దాక, పొడుగు పట్టెలు కొడతరు మద్దికర్రతోటి. అదే అంచు. ఎక్కేటోళ్ళు పట్టుకునేది దాన్నే, దిగేటప్పుడు కాలు పెట్టేది దాని మీదనే. చూసేటోళ్ళు అది ఉత్త సోకు కోసం అనుకుంటరు. మా ఇంటోళ్ళు కూడ అట్లనే అనుకున్నరు, అక్కడే వచ్చింది తిప్పలు.

మా మామ పోయినంక అన్నదమ్ములిద్దరు ఏరుపడ్డరు. పెద్దాయన మా బావ, భూషణం. చిన్నాయన మీ తాత. పొలం సగం సగం, ఎడ్లు చెరొకటి, ఇప్పచెట్లు ఎంచుకొని పంచుకున్నరు. పడవ ఒక్కటే. దాన్నేం కోస్తరు? ఊరి పెద్దమనుషులు పొద్దంత కూసొని, చుట్టలు తాగి, ఆఖరుకు ఏం తీర్పు చెప్పిండ్రనుకున్నవ్? 'ఎడమ అంచు పెద్దోనిది, కుడి అంచు చిన్నోనిది, నడుమ తొట్టి ఇద్దరిది.' అన్నదమ్ములు సంతోషంగ ఒప్పుకున్నరు! కుడి పక్క మేకు ఊడితే మీ తాత కొట్టాలె, ఎడమ పక్క ఊడితే బావ కొట్టాలె. ఒకడు పొరపాటున రెండోవాని పక్క గుడ్డపెట్టి తుడిస్తే పంచాయితే. ఇగ ఆ రేవుకొక పద్ధతుండె. గెడకర్ర ఏసి పడవ నడిపేటోడు కుడి పక్క నిలబడతడు, నీళ్ళు చిమ్ముతయ్, అందుకని మొగోళ్ళు కుడి పక్క కూసుంటరు, ఆడోళ్ళు ఎడమ పక్క. అంటే ఏందన్నట్టు? నేను కట్టుకున్నది చిన్నాయనను, కూసునేది పెద్దాయన అంచు పక్కన. గుర్తుపెట్టుకో, పరీక్షల అడుగుతా.

ఆ ఎడమ అంచు పుచ్చిపోయింది. చెదలు తిన్నది తిని, వాన తిన్నది తిని, మిగిలింది పేళ్ళు లేచి ముళ్ళకంచె లెక్క ఉండె. బావకు ఎన్నిసార్లు చెప్పినా, 'నా పక్క నాకు బాగనే ఉన్నది' అనేటోడు. ఆయనకేంది, పంచె మోకాలి మీదికి కట్టుకొని దుంకుతడు. అట్లుండంగ ఒకనాడు అవతలి ఒడ్డు బజారుకు పోయి వస్తున్నం. మా అన్న పెట్టిన కొత్త చీర కట్టుకున్న, కుంకుమ రంగు, జరీ లేదు గాని ఉన్నట్టే నడుస్తున్న నేను. రేవు నిండ జనం. నాలుగో తరగతి పాసైన కోడలు పడవ దిగుతుంటే చూడాలె గద వాళ్ళు! మెడ నిక్కించుకొని లేచిన. లేస్తే చీర అంచుకు తట్టుకున్నది. ఎవరో ముసలమ్మ, 'ఆగు పిల్లా, తట్టుకుంది' అన్నది. నేను ఆగుతనా? నాకు చెప్పేదానివా నువ్వు అనుకొని ముందుకే ఒక్క అంగ ఏసిన. చర్రుమని మోకాలి నుంచి కింది దాక చినిగింది, నేను పోయి బురదల బోర్లపడ్డ. తల ఎత్తేసరికి రేవంత నవ్వుతున్నది. వాళ్ళు నవ్వితే నవ్వనీ. అందరికన్న ముందుగల, అందరికన్న గట్టిగ నవ్వింది ఎవరంటవ్? మీ తాతనే. గెడ కింద పడేసి, కడుపు పట్టుకొని నవ్వుతున్నడు మహానుభావుడు.

నాకు మండింది బిడ్డా. బురదల నిలబడి, చినిగిన చీర ఒక చేత్తోటి పట్టుకొని, బడిల పద్యం అప్పజెప్పినట్టు అందరు వినేటట్టు చెప్పిన. 'ఈ పడవ అంచు మార్చి, ఇదే పడవల వచ్చి నన్ను పిలిస్తేనే వస్త. అప్పటిదాక ఈ రేవుల కాలు పెట్ట' అని. అని, పక్కనే ఉన్న ఆయతు పడవెక్కి అవతలికి పోయిన. ఆయతు మన రేవులోనే ఇంకో పడవ నడిపేటోడు. మా ఇంటి అన్నదమ్ముల పంచాయితీ ఎంత పెరిగితే ఆయనకంత బేరం. నన్ను దింపేటప్పుడు నవ్వు ఆపుకుంట, 'మీ వాళ్ళకు తొందర పడొద్దని చెప్పు అక్కా, అంచు పని నిదానంగ చేస్తేనే బాగుంటది' అన్నడు.

మా అమ్మ నన్ను చూసి కాళ్ళకు నీళ్ళిచ్చింది, చీర చూసింది, 'ఎన్నాళ్ళు ఉంటవే' అన్నది. 'అంచు మార్చేదాక' అన్న. 'ఎవరి అంచు?' అన్నది. 'బావది' అన్న. మా అమ్మ ఇంట్లకు పోయి నాకు కొత్త చాప ఒకటి తీసి పెట్టింది. ఇది సులువుగ తేలేది కాదని ఆమెకు అప్పుడే తెలిసిపాయె. ఇగ ఇక్కడ నీకొక సంగతి చెప్పాలె, నవ్వొద్దు. అది ఎండకాలం. రోహిణి కార్తె. రేవుకు కొంచెం పైన నదిల నీళ్ళు మోకాలి లోతు. ఇటు కాలు పెడితే అటు నడిచిపోవచ్చు. మేకలు నడుస్తున్నయ్, పిల్లలు నడుస్తున్నరు. మీ తాత నడిచి వచ్చి నన్ను పిలువచ్చు, నేను నడిచి పోవచ్చు. ఊహూఁ. 'ఇదే పడవల వచ్చి పిలిస్తేనే' అన్న గద నేను? మాట అంటే మాటే. మీ తాత కూడ అంతే, పడవల తీసుకొస్త అని ఊరందరి ముందు తొడ కొట్టిండు. మోకాలి లోతు నీళ్ళకు ఇటు ఒక మూర్ఖురాలు, అటు ఒక మూర్ఖుడు.

అయినా నేను నీళ్ళకు పోవుడు మానలె. మా అమ్మ ఇంట్ల గోలెం నిండే ఉంటది, నేను బిందె పట్టుకొని నదికి పోతనే ఉంట. మా వదిన, 'అంత నీళ్ళు ఎందుకే, ఏనుగును కడుగుతున్నమా' అనేది. అవతలి ఒడ్డున మా పడవను ఇసుక మీదికి లాగి పెట్టిండ్రు, అది కనబడతది. పొద్దున పోయి చూసేసరికి మీ తాత ఉలి, సుత్తె పట్టుకొని పడవ మీద వంగి ఉన్నడు. నా గుండె ఇంతైంది! మొగుడంటే ఇట్లుండాలె, పెండ్లాం అన్న మాటకు విలువిచ్చిండు అనుకున్న. ఇంకొంచెం ముందుకు పోయి కండ్లకు చెయ్యి అడ్డం పెట్టి చూసిన. చూద్దును గద, ఆయన పీకుతున్నది కుడి అంచు! బాగున్న అంచు! ఆయన సొంత అంచు! పుచ్చిపోయిన ఎడమ అంచు అట్లనే ఉన్నది. నేను బిందె కింద పెట్టి అరిచిన. 'అది కాదయ్యా! అటు పక్క! అటు పక్క!' గాలి ఎదురుగాలి. ఆయనకేం వినబడుతది? నేను చేతులూపుతుంటే నేను సంబరపడుతున్న అనుకొని ఆయన కూడ రెండు చేతులు ఊపిండు. ఊపి, ఇంకా జోరుగ పీకిండు. పీకిన కర్రను ఎత్తి నాకు చూపిచ్చిండు కూడ.

ఎందుకు అట్ల చేసిండంటే, ఆ సంగతి లక్కే వచ్చి చెప్పింది. లక్కే అంటే మన ఊరి దొర్ల తెగ పిల్ల, నా ఈడుదే, చింతపండు, అడ్డాకులు అమ్మేటందుకు ఆయతు పడవల అవతలికి వచ్చేది. దాని పని అమ్ముడు కాదు, ఈ ఒడ్డు మాట ఆ ఒడ్డుకు మోసుడు. మోస్తే ఉత్తగ మొయ్యదు, ఎవరి గొంతు వాళ్ళకు పెట్టి మోస్తది. మా బావ మాట చెప్పాలంటే చుట్ట నోట్ల పెట్టుకున్నట్టు మూతి పక్కకు తిప్పేది. 'ఏమే నాగేశ్వరమ్మా, మీ ఆయన అన్న కాడికి పోయి, అన్నా నీ అంచు మార్చు, నా పెండ్లాం రాదంట అన్నడు. మీ బావేమన్నడు తెలుసా? నా అంచు ఎవరినీ పిలిచి చీర చింపలే, ఆమెనే వచ్చి తట్టుకున్నది. నా అంచు నేను మార్చ, నువ్వు ముట్టుకుంటే పంచాయితీ పెడ్త అన్నడు. మీ ఆయన పొద్దంత ఆలోచించిండు. ఆలోచించి, నా పక్క తళతళ మెరిసేటట్టు కొత్తది ఏస్త, దాన్ని చూసి అన్నకే సిగ్గొచ్చి ఆయన పక్క మారుస్తడు అన్నడు. మీ బావ అది విని, బాగున్న అంచు పీకినోనికి రావాలె సిగ్గు, నాకెందుకొస్తది అన్నడు.' ఇట్ల చెప్పి లక్కే చింతపండు ముద్ద నా చేతుల పెట్టి, 'తిను, నోరు ఊరుకుంటది' అన్నది.

బావకు సిగ్గు రాలె, నిజమే. మా అక్కకు వచ్చింది. అక్క అంటే మా బావ పెండ్లాం భద్రమ్మ. నాకు తోటికోడలు, నోరు మంచిదే గాని ఊరి నోటికి భయపడే మనిషి. 'రేపు వాళ్ళ పక్క కొత్తగుంటది, మన పక్క బొంద లెక్కుంటది, నేను ఏ మొఖం పెట్టుకొని ఎడమ పక్క కూసోవాలె' అని అన్నం కాడ మొదలుపెట్టిందంట. బావ అన్నం తినలేకపాయె. లేచి, చెయ్యి కూడ సరిగ్గ కడగకుంట పోయి, కోపంల ఎడమ అంచును ఈ కొస నుంచి ఆ కొస దాక పర్రపర్ర పీకి పారేసిండు. అప్పటికి మీ తాత కొత్త పట్టె ఇంకా కొట్టలె. మద్దికర్ర చెక్కి, వంగేటందుకు నదిల నానబెట్టి పైన రాళ్ళు పెట్టిండు. అది నానాలె, మంట సెగ చూపించాలె, వంచాలె. అప్పటిదాక కుడి పక్క ఉత్తదే. ఇప్పుడు ఎడమ పక్క కూడ ఉత్తదే.

ఆ చిక్కుడుకాయ ఇటియ్యి. చూడు. ఈ పక్క నార తీసిన. కాయ ఎట్లున్నది? మూసుకొనే ఉన్నది గద. ఇప్పుడు రెండో పక్క నార కూడ తీస్త. ఇగో, నోరు తెరిచింది. ఇంత చిన్న సంగతి బిడ్డా! రోజూ వంటింట్ల చేసే పని. రెండు అంచులు ఒక్కసారి పీకొద్దు, ఒకటి పీకి, కొత్తది కొట్టి, అప్పుడు రెండోది ముట్టుకోవాలె. మంటల తెరిచిన మాను అది, దాని బుద్ధి దానికుంటది. పైన రోహిణి ఎండ, కింద కాలే ఇసుక. తెల్లారి నేను బిందె పట్టుకొని పోయి చూసేసరికి మా పడవ విస్తరాకు లెక్క విచ్చుకున్నది. అది కూడ సక్కగ విచ్చుకుంటే బాగుండు. ఒక పక్క బయటికి ఒరిగింది, ఇంకో పక్క లోపలికి మెలి తిరిగింది, మూతి వంకర పోయి ఊరందరిని ఎక్కిరిస్తున్నట్టున్నది. ఆయతుకు తెలుసు ఈ సంగతి. చెప్పిండా? చెప్పలె. రేవంత ఆయనదే అయిపాయె, ఎందుకు చెప్తడు? నాకు మాత్రం తెలుసా? నాలుగో తరగతిల చెప్పలె గద. నేను ఇటు ఒడ్డున నిలబడి, 'అబ్బ, పడవను పెద్దది చేస్తున్నరు' అనుకున్న. నిజం, అట్లనే అనుకున్న. మా వదినను పిలిచి చూపిచ్చిన కూడ.

ఇగ అన్నదమ్ములు పడవకు ఈ పక్క ఒకడు, ఆ పక్క ఒకడు. తడి గోనెలు కప్పిండ్రు, మోకులు కట్టి బిగించిండ్రు, కొంత సర్దుకున్నది. అప్పుడన్న అంచులు కొడితే అయిపోయేది. కొడతరా? లక్కే వచ్చి రెండు గొంతులతోటి చెప్పింది. 'ముందు నువ్వు కొట్టన్నా.' 'నువ్వే కొట్టు, నువ్వే గద మొదలుపెట్టింది.' 'నువ్వు పెద్దోనివి.' 'పెండ్లాం పోయింది నీది.' ఎవరు ముందు కొడితే వంకర వానిదే అంటరని ఇద్దరికి భయం. రెండు కొత్త పట్టెలు తయారు చేసుకొని, చెరొకటి భుజానేసుకొని, పడవ చుట్టూ తిరుగుతున్నరు. నేను ఇటు బిందెతోటి తిరుగుతున్న. మేము తిరిగే లోపల మృగశిర వచ్చింది. మబ్బులు దిగినయ్. ఇంద్రావతి సంగతి నీకు తెలుసు గద, ఒకసారి నిండిందంటే దసరా దాక దిగదు. అప్పుడు ఆయతు పడవ కూడ కట్టేస్తడు. అంటే ఆ నాలుగు మబ్బులు కురిసే లోపల నేను పోలేదంటే, వానకాలమంత నేను ఇటే, ఆయన అటే.

నాకు గుబులు మొదలైంది. అయినా మూతి బిగించుకొనే ఉన్న. అప్పుడు లక్కే ఆఖరు పడవల వచ్చింది. వచ్చి చింతపండు అమ్మలె, ఏం లేదు, నా పక్కన కూసొని, చిన్న గొంతుతోటి, 'పామేడు దిక్కు ఒక పిల్ల ఉన్నదంట. మీ ఆయనకు చేద్దామని మీ బావ మాట కలుపుతున్నడు. ఈమె దసరా దాక రాదు, పోరడు పొయ్యి కాడ చేతులు కాల్చుకుంటుండు అంటున్నడు' అన్నది. అనంగనే నేను లేచిన బిడ్డా. చాప చుట్టలె, మా అమ్మకు చెప్పలె, ఆయతు పడవ నిండేదాక కూడ ఆగలె. చీర మూట నెత్తిన పెట్టుకొని నదికి నడిచిన. పడవల పిలిస్తేనే వస్త అన్నది ఎవరు? నేనే. ఆ రేవుల కాలు పెట్ట అన్నది ఎవరు? నేనే. ఆ మాటలు అన్నామె ఎటు పోయిందో నాకు తెలువదు, నీళ్ళల్ల దిగింది మాత్రం ఇంకో ఆమె. పామేడు పిల్ల సంగతి ఒట్టిదే. లక్కే తర్వాత నా పురుడుకు వచ్చినప్పుడు చెప్పింది, 'అట్ల చెప్పకపోతే నువ్వు ముసల్దానివయ్యే దాక బిందె మోసేదానివి' అని. మా బావ పాపం ఎవరితోటి ఏ మాట కలపలె.

నీళ్ళు అప్పుడే ఎర్రగ మారినయ్. పైన ఎక్కడనో కురిసింది. మోకాలి లోతు అనుకొని దిగితే తొడ దాక వచ్చింది. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నయ్. నడుమ ఒక నల్లబండ ఉంటది, ఎండకాలం కొంగలు కూసునే బండ. దాని మీదికి ఎక్కితే చాలు అనుకొని నడుస్తున్న. తల ఎత్తి చూస్తే అవతలి నుంచి ఎవరో వస్తున్నరు. నీళ్ళల్ల మనిషి, మనిషి భుజం మీద ఇంత పొడుగు కర్ర. ధనుస్సు లెక్క వంగి ఉన్నది. నది గుంజుతుంటే మనిషి ఒక దిక్కు, కర్ర ఒక దిక్కు తిరుగుతున్నయ్. మీ తాత. ఇద్దరం ఒకటేసారి బండ ఎక్కినం. ఆయన ఆయాసపడుతున్నడు, నేను ఆయాసపడుతున్న. ఏం మాట్లాడాలె? 'ఏందయ్యా అది' అన్న. 'అంచు' అన్నడు. 'అంచు ఎందుకు తెచ్చినవ్?' 'పడవ వచ్చేటట్టు లేదు. అంచన్న వస్తదని తెచ్చిన' అన్నడు. అని, కర్రను నా చేతుల మీద పెట్టి, 'చెయ్యి పెట్టి చూడు. ఈ కొస నుంచి ఆ కొస దాక చూడు. ఒక్క పేడు తగిలినా మల్ల అవతలికే పో' అన్నడు.

చెయ్యి పెట్టి చూసిన. పారిజాతం ఆకు తెలుసు గద, గరుగ్గ ఉంటది. దానితోటి రుద్దిండంట ఎన్నాళ్ళో. పసిపిల్ల చెంప మీద చెయ్యి పెట్టినట్టున్నది. మంచి మనిషైతే అప్పుడు ఏం చేస్తది? కండ్ల నీళ్ళు పెట్టుకుంటది. నేనేం చేసిన? కొస దాక చెయ్యి పోనిచ్చి, ఒంపు ఎటున్నదో చూసి, 'ఇది కుడి పక్కది. నా చీర చింపింది ఎడమ పక్కది' అన్న. నది పొంగుతుంటే, బండ మీద నిలబడి, తప్పు దిద్దుతున్న! అప్పటికి నేను ఇంకా పంతులమ్మను కాలె, చూడు, ఆ రోగం ముందు నుంచే ఉండె. మీ తాత కర్ర దిక్కు చూసిండు. నది దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. 'ఎడమది మా అన్నది. దాన్ని నేనేం చెయ్యలేను. నువ్వు ఇగ నుంచి కుడి పక్క కూసో. నా పక్క' అన్నడు. అంతే! ఇన్నాళ్ళ లొల్లికి అంతే మందు! కూసునే పక్క మారితే అయిపోయేది. ఇద్దరు అన్నదమ్ములకు, ఊరి పెద్దలకు, నాలుగో తరగతికి, ఎవ్వరికి తట్టలె. ఆడోళ్ళు ఎడమ పక్క అంటే ఎడమ పక్కనే, ఇంకోటి ఉన్నదని మా తలకాయలల్లకే రాలె.

అయినా నేను ఒప్పుకుంటనా? కడుపుల అసలుది ఉన్నది గద. 'అంచు సంగతి సరే. నేను పడ్డప్పుడు అందరికన్న ముందు నవ్వింది నువ్వు' అన్న. ఆయన మొఖం వాడిపోయింది. నీళ్ళు బండ మీదికి వచ్చి మా కాళ్ళు తడుపుతున్నయ్. అప్పుడన్నడు, 'నవ్విన. దానికి ఏ కర్ర ఎయ్యాలెనో చెప్పు, ఏస్త' అన్నడు. నేను ఎవరు ఏది అడిగినా జవాబు చెప్పేదాన్ని బిడ్డా, తప్పో ఒప్పో చెప్పేదాన్ని. ఆ మాటకు మాత్రం కర్ర రెండో కొస పట్టుకున్న. ఆయన ముందు, నేను ఎనక, నడుమ ఆ అంచు. నడుము దాక నీళ్ళు. జారితే ఆయన ఆగేటోడు, ఆయన జారితే నేను గుంజేదాన్ని. మూట నెత్తి మీది నుంచి ఎప్పుడు పోయిందో తెలువదు, ఆ చినిగిన చీర కూడ దాంట్లనే పోయింది. ఒడ్డుకు చేరేసరికి రేవంత మల్ల నిలబడి ఉన్నది మమ్ములను చూసుకుంట. ఎవ్వరు నవ్వలె ఆ పొద్దు. మా బావ ఎడమ పట్టె పట్టుకొని పడవ పక్కన నిలబడి, మీ తాతను చూసి, 'ఏందిరా తమ్మీ, అంచుతోటి పెండ్లాన్ని పట్టుకొచ్చినవా? రా, ఇద్దరం ఒక్కసారే కొడదాం, వంకర ఎవనిదో ఆ దేవునికే తెలువదు' అన్నడు. వాన మొదలైంది. అన్నదమ్ములు ఆ వానల తడుసుకుంట చెరో పక్క కొట్టిండ్రు. అక్క, నేను అడ్డకర్రలు పట్టుకున్నం. నది వచ్చి పడవను అందుకునే సరికి అంచులు బిగిసినయ్.

వంకర మాత్రం పోలె. ఆ పడవ సక్కగ ఎన్నడు పోలె. ఈ రేవుల ఎక్కి ఆ రేవుల దిగుదామంటే, ఎడమకు గుంజి గుంజి దిగువన తుమ్మచెట్ల కాడ దింపేది. ఊరోళ్ళు 'తుమ్మచెట్ల పడవ' అనేటోళ్ళు. దానికి తోడు నేను కుడి పక్క, మొగోళ్ళ నడుమ, గెడ నీళ్ళు మీద చిమ్ముతుంటే రాణి లెక్క కూసునుడు. మొదట్ల అక్క మూతి తిప్పింది, తర్వాత ఆమె కూడ వచ్చి నా పక్కన కూసునుడు మొదలుపెట్టింది. బరువంత కుడి పక్కకే అయిపాయె. మా బావ ఎడమ పక్క ఒంటరిగ కూసొని, 'ఈ పక్క అంచు నాదే గాని, మనుషులంత ఆ పక్కనే' అనేటోడు. రియాసత్ పోయింది, సర్కారు బడి వచ్చింది, నన్ను పంతులమ్మను చేసిండ్రు. రోజూ ఆ పడవలనే అవతలి గూడెం బడికి పోయేదాన్ని. మీ తాత గెడ ఏస్తుంటే పిల్లలకు చెప్పే పాఠం ఆయనకు చెప్పుకుంట పోయేదాన్ని. చదువు రాదు గాని, వినుడు బాగ వినేటోడు. తప్పు చెప్పిన్ననుకో, నవ్వేటోడు కాదు. గెడ ఆపి, నా దిక్కు చూసేటోడు, అంతే.

ఆయన పోయినంక జర రోజులకు బడికి పోవాలె గద, రేవుకు పోయిన. బావ ముసలోడైండు అప్పటికి, గెడ ఆయనే పట్టుకున్నడు. పడవ ఖాళీగ ఉన్నది. ఇటు అంచు, అటు అంచు. నేను లోపల అడుగు పెట్టి నిలబడ్డ. బావ నా దిక్కు చూడకుండ, నీళ్ళ దిక్కు చూసుకుంట, 'ఏ పక్క కూసుంటవమ్మా' అని అడిగిండు. నేను కుడి అంచు మీద చెయ్యి పెట్టి...

ఆఁ? ఏం లేదు బిడ్డా. కరెంటు వచ్చినట్టున్నది, జర ఆ ఫ్యాను ఎయ్యి.